ఊరి పునీతుణ్ణి ఎవరు నిలబెట్టారు?

మీరు అడిగింది ఇది: క్రీ.శ. 400 నుంచి 900 దాకా ఐరోపా క్రైస్తవుల్లో ఊరికో పునీతుడు (సెయింట్) ఎలా వెలిశాడు? పోపు ప్రకటించకుండానే ఒక మనిషి పునీతుడు ఎలా అయ్యాడు? పాత గ్రామదేవతల స్థానంలోనే వీళ్లను కూర్చోబెట్టారన్న మాట నిజమేనా? చివరగా, దీన్ని ఆరాధన అనవచ్చా? ఇరవై ఏళ్లకు పైగా ఈ కాలపు చరిత్ర పాఠం చెబుతున్నాను. వీటిలో మూడో ప్రశ్న ప్రతి ఏడాదీ మొదటి వారంలోనే వస్తుంది. అడిగేవారిలో చాలామంది జవాబు తమకు ముందే తెలుసన్న ధీమాతో అడుగుతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఊరి పునీతుడు పేరు మార్చుకున్న దేవత కాదు, చనిపోయిన మనిషి. అతనికి ఒక సమాధి ఉంటుంది. ఏటా జరుపుకొనే వర్ధంతి ఉంటుంది. తమవాడని చెప్పుకునే జనం ఉంటారు. చాలా చోట్ల ఆ సమాధి దగ్గరికి జనం ముందు వచ్చారు, పీఠాధిపతి (బిషప్పు) తర్వాత వచ్చాడు, రోము ప్రమేయమే లేదు.

ఇది ఎంత పెద్ద మార్పో తెలియాలంటే రోమన్లు చావును ఎలా చూసేవారో గుర్తు చేసుకోవాలి. వాళ్లకు శవం మైల. పన్నెండు పట్టికల చట్టం నాటి నుంచీ నగరం లోపల పూడ్చడం, దహనం చేయడం నిషిద్ధం. దేవతలు ఊళ్లో గుళ్లలో ఉంటారు, పోయినవాళ్లు పొలిమేర దాటాక రోడ్డు పక్కన ఉంటారు. క్రైస్తవులు ఈ హద్దును చెరిపేశారు. సమాధి మీద గుడి కట్టారు. ఎముకలను బలిపీఠం కిందికి తెచ్చారు. వేదసాక్షి, అంటే విశ్వాసం కోసం ప్రాణం విడిచినవాడు, చనిపోయిన రోజును పుట్టినరోజు అన్నారు, ఆ రోజు అతడు పరలోకంలో పుట్టాడని వాళ్ల విశ్వాసం. 4వ శతాబ్దంలో పాత మతాన్ని తిరిగి నిలబెట్టాలని చూసిన జూలియన్ చక్రవర్తి, క్రైస్తవులు లోకాన్నంతా సమాధులతో నింపేశారని తిట్టాడు. పాత దేవతల భక్తుడికి ఇందులో కొనసాగింపు కనిపించలేదు, అపచారం కనిపించింది. ‘పేరు మార్చిన దేవుళ్లు’ అనే వాదం మీద నా మొదటి అభ్యంతరం ఇదే. అపోలోకు ఎముకలు లేవు. మన దగ్గర పోలిక వెతకాలంటే గ్రామదేవత గుడి కంటే దర్గాయే దగ్గర. అక్కడా ఒక మనిషి సమాధే కేంద్రం, అక్కడా వర్ధంతే ఉత్సవం.

ఒక సమాధి కోసం ఊళ్లు ఎంతగా పట్టుబట్టేవో మార్టిన్ కథ చూపిస్తుంది. మార్టిన్ పుట్టింది పన్నోనియాలో, అంటే నేటి హంగరీలో. రోమన్ సైన్యంలో పనిచేసి, గాల్ దేశానికి, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతానికి వచ్చి, పువాటియే దగ్గర లిగుజేలో సన్యాసిగా ఉండి, తర్వాత టూర్స్ నగరానికి పీఠాధిపతి అయ్యాడు. 397 నవంబరులో వియెన్ నది లువార్‌లో కలిసే చోట, కాండ్ అనే పల్లెలో చనిపోయాడు. ఆయన ఇంకా పాడె ఎక్కకముందే రెండు ఊళ్ల వాళ్లూ దిగారు. సుమారు 180 ఏళ్ల తర్వాత అదే టూర్స్‌కు పీఠాధిపతి అయిన గ్రెగరీ ఆ రాత్రి జరిగినదాన్ని రాసిపెట్టాడు.

పువాటియే వాళ్లు ‘ఆయన మా సన్యాసి, మీకు అప్పు ఇచ్చాం, ఇక తిరిగి ఇవ్వండి’ అన్నారు. ఇన్నాళ్లూ ఆయన మాటలు విన్నారు, ఆయనతో కలిసి భోంచేశారు, ఇక దేహమైనా మాకు వదలండి అన్నారు. టూర్స్ వాళ్ల జవాబు నాకు ఎప్పుడు చదివినా ముచ్చటేస్తుంది. వాళ్లు లెక్క తీశారు: ‘మీ దగ్గర ఉన్నప్పుడు చనిపోయిన ఇద్దరిని లేపాడు, మా దగ్గర ఒక్కరినే లేపాడు. ఆ మిగిలింది చనిపోయాక మాకు తీర్చాలి.’ పొద్దు గూకింది. దేహాన్ని గది మధ్యలో పెట్టి, తలుపులు బిగించి, రెండు పక్షాలూ కాపలా కూర్చున్నాయి. తెల్లవారగానే బలవంతంగానైనా ఎత్తుకుపోవాలని పువాటియే వాళ్ల ఆలోచన. అర్ధరాత్రికి వాళ్లందరికీ నిద్ర పట్టేసింది. టూర్స్ వాళ్లు దేహాన్ని కిటికీలోంచి బయటికి అందించారు, బయట ఉన్నవాళ్లు అందుకున్నారు, పడవలో పెట్టి నది పట్టారు. వాళ్లు పాడుతున్న కీర్తనలకే పువాటియే వాళ్లకు మెలకువ వచ్చింది. అప్పటికి కాపలా కాయడానికి గదిలో ఏమీ లేదు.

ఈ కథ అక్షరాలా జరిగిందా అనేది వేరే సంగతి. టూర్స్ పీఠాధిపతి దీన్ని దాచుకోకుండా, దేవుడే తమ ఊరికి పునీతుణ్ణి దక్కించాడని సంతోషంగా రాశాడు, అది గమనించండి. మార్టిన్ టూర్స్‌లో పుట్టలేదు, టూర్స్‌లో చావలేదు. అయినా ఊరివాడయ్యాడు, సమాధి అక్కడ ఉంది కాబట్టి. ‘స్థానిక పునీతుడు’ అన్నప్పుడు ఆ స్థానం జన్మస్థలం కాదు. చాలామంది పాఠకులు ఇక్కడే పొరబడతారు.

ఆ సమాధి మీద మొదట చిన్న మందిరం కట్టారు. 5వ శతాబ్దం రెండో సగంలో పర్పెటువస్ అనే పీఠాధిపతి దాన్ని తీసేసి పెద్ద దేవాలయం కట్టించాడు. దాని కొలతలు గ్రెగరీ ఇచ్చాడు: పొడవు 160 అడుగులు, వెడల్పు 60, కిటికీలు 52, స్తంభాలు 120, తలుపులు 8. అది నగర గోడల బయట ఉంది. దాని చుట్టూ క్రమంగా ఇళ్లు, మఠాలు, యాత్రికుల బసలు లేచాయి, పొలిమేర బయటి శ్మశానమే కొత్త ఊరికి నడిబొడ్డు అయింది. ఐరోపాలో పాత రోమన్ నగరాల పటాలు చూస్తే ఇలాంటి జంట ఊళ్లు చాలా కనిపిస్తాయి.

ఇక మీ రెండో ప్రశ్న, ఎవరు నిర్ణయించారు అన్నది. రోములో పోపు లాంఛనంగా ఒకరిని పునీతుడిగా ప్రకటించిన దాఖలాల్లో మనకు తెలిసిన మొదటిది 993 నాటిది. పోపు 15వ జాన్ ఆగ్స్‌బర్గ్ పీఠాధిపతి ఉల్రిక్‌ను ప్రకటించాడు. అంతకుముందు వందల ఏళ్లపాటు అలాంటి పద్ధతే లేదు. జనం సమాధి దగ్గరికి వస్తారు, రోగాలు తగ్గాయని చెప్పుకుంటారు, పీఠాధిపతి సమాధి మీద కప్పు వేస్తాడు, ఆ రోజును పంచాంగంలో చేరుస్తాడు, ఎవరో ఒక చరిత్ర రాస్తారు. అంతే. ఇందులో పీఠాధిపతి ఎప్పుడూ ఒకేలా నడవలేదు. దానికి రెండు ఉదాహరణలు, రెండూ గాల్‌లోవే.

మొదటిది మార్టిన్‌దే. ఆయన మఠానికి దగ్గరలో ఒక బలిపీఠం ఉండేది. అక్కడ ఎవరో వేదసాక్షి సమాధి ఉందని జనం మొక్కేవారు, మునుపటి పీఠాధిపతులు కూడా ఒప్పుకున్నారు. మార్టిన్ పెద్దవాళ్లను, చర్చి గురువులను అడిగాడు: ఆ వేదసాక్షి పేరేమిటి? ఎప్పుడు చనిపోయాడు? ఎవరూ చెప్పలేకపోయారు. కొన్నాళ్లు అటు వెళ్లడం మానేశాడు, ఆ భక్తిని నిందించనూ లేదు, ఒప్పుకోనూ లేదు. ఒకరోజు కొందరు సోదరులను వెంటబెట్టుకుని వెళ్లి సమాధి మీద నిలబడి ప్రార్థించాడు. ఎడమ పక్కన ఒక మురికి నీడ కనిపించింది. పేరు చెప్పమన్నాడు. చెప్పింది, తాను దొంగననీ, నేరాలకు తల పోగొట్టుకున్నాననీ, వేదసాక్షులతో తనకు సంబంధం లేదనీ. మార్టిన్ ఆ బలిపీఠం తీయించేశాడు. కథలోని నీడ సంగతి మీ ఇష్టం. నాకు ముఖ్యమైనది ఆయన అడిగిన ఆ రెండు ప్రశ్నలు, పేరు, మరణ సమయం. పునీతుడికి కావాల్సిన కనీస ఆధారాలు అవి. 401లో కార్తేజ్‌లో కూడిన ఆఫ్రికా పీఠాధిపతులు కూడా ఇదే చెప్పారు: పొలాల్లో, రోడ్ల పక్కన వేదసాక్షుల పేరుతో వెలసిన బలిపీఠాల్లో దేహంగానీ అవశేషాలుగానీ లేనివాటిని తీసేయాలని.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు. దిజోన్‌లో ఒక పెద్ద రాతి సమాధి ఉండేది. అందులో ఉన్నది ఎవరో అన్యమతస్థుడని చదువుకున్నవాళ్ల అభిప్రాయం. పల్లె జనం మాత్రం అక్కడ మొక్కులు తీర్చుకునేవారు, కోరినవి త్వరగా నెరవేరతాయని చెప్పుకునేవారు. ఒకడు మేలు పొంది, ఒక కొవ్వొత్తి తెచ్చి సమాధి దగ్గర వెలిగించి ఇంటికి పోయాడు. అది చూస్తున్న ఒక చిన్న పిల్లవాడు, ఎవరూ లేరు కదా అని, ఆర్పి పట్టుకుపోదామని కిందికి దిగాడు. అవతలి వైపు నుంచి ఒక పెద్ద పాము వచ్చి కొవ్వొత్తి చుట్టూ చుట్టుకుంది. పిల్లవాడు బెదిరి పైకి ఎక్కాడు, మళ్లీ దిగాడు, మళ్లీ పాము. ఈ సంగతి లాంగ్ర్ పీఠాధిపతికి చెప్పారు. ఆయన పేరు కూడా గ్రెగరీయే, మన టూర్స్ గ్రెగరీకి తల్లి తరఫు ముత్తాత. ఆయన నమ్మలేదు. అక్కడ మొక్కడం మానండని గట్టిగా చెప్పాడు.

తర్వాత ఆ సమాధిలోని మనిషి ఆయనకు దర్శనంలో కనిపించి, ‘నువ్వు నన్ను చిన్నచూపు చూడడమే కాక, నన్ను గౌరవించేవాళ్లను కూడా అడ్డుకుంటున్నావు, త్వరగా నాకు కప్పు వేయించు’ అన్నాడట. పీఠాధిపతి వెళ్లి, ఏడ్చి, క్షమాపణ అడిగి, నేలమాళిగ బాగు చేయించాడు. ఆ వేదసాక్షి బెనిగ్నస్. కొన్నేళ్ల తర్వాత ఇటలీ వెళ్లి వచ్చినవాళ్లు ఆయన మరణ చరిత్ర రాసిన పుస్తకం తెచ్చి ఇచ్చారు.

ఈ వరస ఒకసారి చూడండి. ముందు సమాధి, తర్వాత జనం, తర్వాత కొవ్వొత్తి, తర్వాత పీఠాధిపతి, అన్నిటికన్నా చివర పుస్తకం. ‘చర్చి పైనుంచి రుద్దింది’ అనేవారికి నేను బెనిగ్నస్‌ను చూపిస్తాను. ‘అమాయక జనం మూఢత్వం, చదువుకున్నవాళ్లు సహించారు’ అనేవారికి కూడా అతన్నే చూపిస్తాను. ఎందుకంటే ఇక్కడ పొరబడింది చదువుకున్నవాడు. ఆ కుటుంబంలోనే పుట్టిన మునిమనవడు, గాల్‌లో ఉన్నత వంశీకుడు, తన ముత్తాత తప్పును పుస్తకంలో రాసి మరీ ఒప్పుకున్నాడు.

అయితే పాత దేవతల మాటలో అసలు నిజమే లేదా? ఉంది, కానీ అది దేవతల విషయంలో కాదు, చోటు విషయంలో. ఇదే గ్రెగరీ చెప్పిన మరో సంగతి. గాల్ దక్షిణాన, జెవోదాన్ కొండల్లో హెలారియస్ అనే కొండ మీద ఒక సరస్సు ఉండేది. ఏటా ఒక సమయంలో పల్లె జనం బండ్లు కట్టుకుని, తిండి, తాగుడు వెంట తెచ్చుకుని అక్కడికి చేరేవారు. సరస్సులో గుడ్డ ముక్కలు, ఉన్ని, జున్ను, మైనం, రొట్టెలు, ఎవరి శక్తికొద్దీ వారు వేసేవారు. పశువులను కోసి మూడు రోజులు విందు చేసుకునేవారు. నాలుగో రోజు తిరుగు ప్రయాణమయ్యే వేళకు ఉరుములతో పెద్ద గాలివాన ముంచుకొచ్చేది. పీఠాధిపతి వెళ్లి చెప్పాడు, సరస్సులో దైవత్వం లేదని. ఎవరూ వినలేదు. అప్పుడు ఆయన సరస్సుకు కొంత దూరంలో పువాటియే పీఠాధిపతి హిలరీ పేరిట ఒక దేవాలయం కట్టించి, హిలరీ అవశేషాలు అందులో పెట్టించాడు. జనం మెల్లగా మనసు మార్చుకుని, సరస్సులో వేసేవన్నీ దేవాలయానికి తేవడం మొదలుపెట్టారు. గాలివాన కూడా ఆగిపోయిందని గ్రెగరీ అంటాడు.

కొండ పేరు హెలారియస్, పునీతుడి పేరు హిలరీ. పీఠాధిపతి ఊరికే ఆ పేరు ఎంచుకున్నాడని నేను అనుకోను. బండ్లు అవే, జున్ను అదే, దారి అదే. మారింది ఆ కానుకలు అందుకునేవారు. నీటికి కాక, 367 ప్రాంతంలో చనిపోయిన, రచనలు వదిలి వెళ్లిన ఒక మనిషికి అవి చేరాయి. జాతర కొనసాగింది, దేవత కొనసాగలేదు. ఇలాంటి సందర్భాలు ఇంకా ఉన్నాయి. కానీ నేను చదివిన మేరకు సమాధుల చుట్టూ పెరిగిన భక్తి ఎక్కువ, సరస్సుల పక్కన నాటిన భక్తి తక్కువ. రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని వివరించడం సరికాదు.

సమాధి దగ్గర జనం నిజంగా ఏం చేసేవారు? ఈ వివరాల్లోనే ఆ కాలం మనకు చేతికి తగులుతుంది. గ్రెగరీ 573లో పీఠాధిపతి అయిన తొలి నెలల్లోనే ఆయనకు జ్వరంతో రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. తిండి ఇమడలేదు. అంత్యక్రియల ఏర్పాట్లు చేసుకునేదాకా వచ్చింది. ఆర్మెంటారియస్ అనే వైద్యుణ్ణి పిలిపించి, నీ విద్య అంతా చూపించావు, ఇక నేను చెప్పే మందు ఒకటి వేయి అన్నాడు. మార్టిన్ సమాధి మీది ధూళి తెచ్చి నీళ్లలో కలిపి ఇమ్మన్నాడు. తాగాడు, నొప్పి తగ్గింది, భోజనానికి లేచాడు. ధూళి, దీపంలోని నూనె, కొవ్వొత్తి మైనం, సమాధిని కప్పిన గుడ్డ నుంచి తీసిన పోగు, ఇవే అప్పటి ‘అవశేషాలు’. ఎముకలు అందరికీ దొరికేవి కావు. 386లోనే థియోడోసియస్ చక్రవర్తి, పూడ్చిన దేహాన్ని కదిలించవద్దనీ వేదసాక్షిని అమ్మవద్దనీ చట్టం చేశాడు.

గలీసియా (నేటి స్పెయిన్ వాయవ్య ప్రాంతం) రాజు కొడుకు జబ్బుపడితే రాజు మనుషులు టూర్స్‌కు పట్టు వస్త్రం తెచ్చారు. సమాధి మీద పెట్టేముందు తూచారు. రాత్రంతా ఉంచి, పొద్దున మళ్లీ తూచారు. బరువు పెరిగింది. దయ అంటే వాళ్లకు తూకానికి అందేంత నిజం. దీన్ని చూసి నవ్వే విద్యార్థులకు నేను ఒకటే చెబుతాను: బిడ్డ మంచాన ఉన్నప్పుడు ఆ త్రాసు ముందు నిలబడ్డ మనిషి మొహం ఊహించుకోండి.

సముద్రం దాటి ఇంగ్లండు వెళ్తే ఇదే పద్ధతి కనిపిస్తుంది. నార్తంబ్రియా క్రైస్తవ రాజు ఓస్వాల్డ్ 642లో మెర్సియా రాజు పెండాతో యుద్ధంలో చనిపోయాడు. ఆయన పడిన చోట ఒక బాటసారి గుర్రం నొప్పితో దొర్లుతూ దొర్లుతూ ఆ నేల మీదికి వచ్చి, లేచి నిలబడి గడ్డి మేసిందట. అతడు బస చేసిన ఇంట్లో యజమాని బంధువుల అమ్మాయి పక్షవాతంతో పడి ఉంటే ఆమెను బండిలో తెచ్చి అక్కడే పడుకోబెట్టారు. తర్వాత జనం ఆ మట్టి గుడ్డలో కట్టి పట్టుకుపోయి నీళ్లలో కలిపి రోగులకు ఇచ్చేవారు. బీడ్ అనే సన్యాసి 731లో పూర్తి చేసిన చరిత్రలో అంటాడు, మట్టి తీసుకుంటూ తీసుకుంటూ అక్కడ నిలువెత్తు మనిషి లోతు గొయ్యి పడిందని. నిర్ణయం ఎవరు చేశారన్న మీ ప్రశ్నకు ఆ గొయ్యి కంటే మంచి జవాబు నా దగ్గర లేదు. ఏ సభా తీర్మానించలేదు. పిడికిళ్లతో తవ్వారు.

ఓస్వాల్డ్ కథలో మరో ఘట్టం ఉంది, స్థానికత అనే మాటకున్న రెండో ముఖం అది. ఆయన తమ్ముడు ఓస్వియు కూతురు ఓస్‌త్రిత్, మెర్సియా రాణి అయ్యాక పెదనాన్న ఎముకలను లిండ్సే ప్రాంతంలోని బార్డ్నీ మఠానికి తెప్పించింది. సాయంత్రానికి బండి వచ్చింది. సన్యాసులు తలుపు తీయలేదు. ఆయన పరిశుద్ధుడని వాళ్లకు తెలుసు. కానీ ఆయన పరాయి దేశపు రాజు, ఒకప్పుడు తమను ఏలినవాడు. చచ్చినా ఆ పాత పగ పోలేదని బీడ్ స్పష్టంగా రాశాడు. ఎముకలు రాత్రంతా బయటే ఉన్నాయి, బండి మీద పెద్ద గుడారం కప్పి ఉంచారు. ఆ రాత్రి బండి మీది నుంచి ఆకాశం దాకా వెలుగు స్తంభంలా నిలిచింది. లిండ్సే అంతటా కనిపించింది. తెల్లవారాక అదే సన్యాసులు ఎముకలను లోపలికి తెమ్మని వేడుకున్నారు. ఎముకలు కడిగిన నీళ్లు ఓ మూల పోస్తే, ఆ మట్టికి కూడా జనం వచ్చారు. ఒక ఊరి పునీతుడు పక్క ఊరికి శత్రువు కూడా కావచ్చు. ఈ భక్తిలో ప్రేమ ఎంత ఉందో, ‘మావాడా, కాదా’ అన్న పట్టింపు కూడా అంతే ఉంది.

టూర్స్‌లో ఆ పట్టింపు పన్నుల దాకా వెళ్లింది. 507లో ఫ్రాంకుల రాజు క్లోవిస్ విసిగోతుల మీదికి దండెత్తి వెళ్తూ, మార్టిన్ మీది గౌరవంతో, టూర్స్ ప్రాంతంలో సైనికులెవరూ గడ్డి, నీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. ఒక సైనికుడు పేదవాడి ఎండుగడ్డి లాక్కుని, గడ్డి గడ్డే కదా అని వాదించాడు. రాజు అతన్ని అక్కడికక్కడే నరికించాడు. మార్టిన్‌కు కోపం తెప్పిస్తే గెలుపు ఎక్కడిది అన్నాడు. 589లో పన్ను లెక్కలు వేసే అధికారులు టూర్స్‌కు వచ్చినప్పుడు గ్రెగరీ అడ్డు నిలిచాడు. మునుపటి రాజు ఒకరు మార్టిన్ భయంతో ఈ ఊరి పన్ను చిట్టాలు తగలబెట్టించాడని గుర్తుచేశాడు. పాత చిట్టా ఒకటి బయటికి తీసి అధికారులకు అందించినవాడి కొడుక్కి అదే రోజు జ్వరం వచ్చి మూడో రోజు పోయాడని రాశాడు. చివరికి రాజు దగ్గరి నుంచి ఉత్తరం వచ్చింది, మార్టిన్ గౌరవార్థం టూర్స్ జనం మీద పన్ను వేయవద్దని. అందుకే ఆ ఊరివాళ్లకు పునీతుడు పరలోకంలో ఉన్న పెద్దమనిషి, తమ తరఫున మాట్లాడే దిక్కు. లాటిన్‌లో ఆయనకు వాడిన మాట ‘పత్రోనుస్’. రోమన్ సమాజంలో పలుకుబడిగల ఆసామిని ఆశ్రితులు పిలిచే మాటే అది.

దొంగలు కూడా వచ్చారు. 580 ప్రాంతంలో ఒకడు స్పెయిన్ నుంచి వేదసాక్షుల అవశేషాలు తెచ్చానంటూ సిలువ పట్టుకుని తిరిగాడు. పారిస్‌లో పీఠాధిపతి అతని సంచి విప్పించి చూస్తే రకరకాల మొక్కల వేర్లు, చుంచు పళ్లు, ఎలుక ఎముకలు, ఎలుగుబంటి గోళ్లు, కొవ్వు. అన్నీ ఏట్లో పారవేయించాడు. వాడు సంకెళ్లు తప్పించుకుని, తాగి, గ్రెగరీ బస చేసిన చర్చిలో, సరిగ్గా ఆయన ప్రార్థనకు నిలబడే చోట పడి నిద్రపోయాడు. ఆ కంపుకు లోపలికి అడుగు పెట్టలేకపోయారు. నలుగురు ఎత్తి ఓ మూల పెట్టి, నేల కడిగి, సువాసన మొక్కలు చల్లారు. చివరికి తెలిసింది, వాడు ఒక పీఠాధిపతి దగ్గర నుంచి పారిపోయిన బానిస అని. గ్రెగరీ వాణ్ణి క్షమించి అప్పగించాడు. ఇలాంటివి పెరిగినకొద్దీ పైనుంచి కట్టుదిట్టాలు వచ్చాయి. 794లో ఫ్రాంక్‌ఫర్ట్ సభ, కొత్త పునీతులను గౌరవించడం, దారుల వెంట వాళ్ల స్మారకాలు నిలపడం కూడదంది. 813లో మైన్జ్ సభ, రాజు లేదా పీఠాధిపతుల అనుమతి లేకుండా పునీతుల దేహాలు కదపవద్దంది. 993 నాటి పోపు ప్రకటనకు దారి వేసింది ఇవే.

మీ చివరి ప్రశ్న, ఆరాధన అనవచ్చా అన్నది. తెలుగులో ఈ మాట జాగ్రత్తగా వాడాలి. కతోలికులు ‘పునీతులు’ అనే చోట ప్రొటెస్టంటులు ‘పరిశుద్ధులు’ అంటారు, కానీ ‘ఆరాధన’ దేవుడికే అన్నది ఇద్దరికీ సమ్మతం. అప్పటివాళ్లూ ఈ తేడా గీశారు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పీఠాధిపతి అగస్టీను అడిగాడు: వేదసాక్షి దేహం మీద కట్టిన బలిపీఠం దగ్గరైనా సరే, గురువు ‘పేతురూ, ఈ బలి నీకు’ అనడం ఎవరైనా విన్నారా? బలి దేవుడికి, గౌరవం వేదసాక్షికి. అందుకే నేను ‘గౌరవం’, ‘భక్తి’ అనే మాటలే వాడాను.

ఈ గీత పుస్తకాల్లోనే కాదు, చర్చి గుమ్మం దగ్గర కూడా గీశారు. అగస్టీను తల్లి మోనికా ఆఫ్రికాలో అలవాటు ప్రకారం మిలాన్‌లో కూడా వేదసాక్షుల స్మారకాల దగ్గరికి జావ, రొట్టె, ద్రాక్షారసం గంపలో పెట్టుకుని వెళ్లింది. కావలివాడు ఆపేశాడు. పీఠాధిపతి అంబ్రోసు వద్దన్నాడని చెప్పాడు, తాగుబోతులకు సందు ఇచ్చినట్టవుతుందనీ, చనిపోయినవాళ్లకు పాత మతస్థులు చేసే తద్దినాలలాగే ఉందనీ. ఆమె మారు మాట్లాడకుండా గంప వెనక్కి తీసుకుంది. తర్వాత నుంచి ఉత్త చేతులతో ప్రార్థనకు వెళ్లింది, గంపలోది పేదలకు ఇచ్చింది. తన తల్లి అంత సులువుగా అలవాటు వదులుకుందని అగస్టీను ఆశ్చర్యపోయాడు. వేరే ఎవరు ఆపినా వినేది కాదేమో అని కూడా అన్నాడు.

చదవడం మొదలుపెట్టాలనుకుంటే గ్రెగరీ వేదసాక్షుల మహిమ గురించి రాసిన పుస్తకం తీసుకోండి, ఇంగ్లీషు అనువాదం ఉంది. బెనిగ్నస్ కథ 50వ అధ్యాయం. దానికంటే ముందు 31వ అధ్యాయం చూడండి. గాల్‌లో కూర్చున్న ఆ 6వ శతాబ్దపు మనిషి అక్కడ భారతదేశం గురించి రాశాడు. అపొస్తలుడు తోమా దేహాన్ని ఎడెస్సాకు (నేటి టర్కీలో ఉంది) తరలించాక కూడా, భారతదేశంలో ఆయన్ను మొదట పూడ్చిన చోట ఒక మఠం, అద్భుతమైన పెద్ద దేవాలయం ఉన్నాయట. సమాధి ముందు ఒక దీపం రాత్రింబగళ్లు వెలుగుతుందట, నూనె పోయరు, వత్తి వేయరు, గాలికి ఆరదు. ఈ మాట తనకు అక్కడికి వెళ్లి వచ్చిన థియోడోర్ అనే వ్యక్తి స్వయంగా చెప్పాడని గ్రెగరీ అంటాడు. ఆ చోటు చెన్నైలోని మైలాపూరేనని సంప్రదాయం.